జ్యూరీ పిలుపొస్తే పక్కన పడేయకండి: మూడో తీర్పు పోయిన స్కాట్లాండ్ గురించి

(గ్లాస్గోలో తెలుగు కుటుంబాలు 2026 ఉగాదికి కలిసినప్పుడు ఒక సొలిసిటర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారమండి, ఉగాది శుభాకాంక్షలు. వెనక వరసలో వాళ్ళకి వినపడుతోందా? సరే, మైక్ కొంచెం దగ్గర పెట్టుకుంటాను. నన్ను పిలిచినవాళ్ళు ఏమన్నారంటే, మేడమ్ మీరు లా గురించి మాట్లాడండి కానీ ఇమిగ్రేషన్ మాత్రం వద్దు, అది మేం రోజూ వాట్సాప్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నాం, ఏదైనా కాస్త సరదాగా ఉండేది చెప్పండి అన్నారు. సరదా సంగతే తెచ్చాను, దాంట్లో ప్రేమ ఉత్తరాలున్నాయి, విషం ఉంది, కత్తియుద్ధం ఉంది, సినిమా హాలు కూడా ఉంది. కాకపోతే ఇది మనకి సంబంధం లేని కబురు అనుకోకండి, ఏదో ఒకరోజు మీ ఇంటికి కవర్‌లో వచ్చి పడే సంగతి.

ఈ జనవరి 1 నుంచి స్కాట్లాండ్ కోర్టుల్లో ఒక తీర్పు లేకుండా పోయింది. ప్రపంచంలో దాదాపు అన్ని చోట్లా క్రిమినల్ కేసులో రెండే తీర్పులు కదా, గిల్టీ లేదా నాట్ గిల్టీ. ఇక్కడ మాత్రం దాదాపు 300 ఏళ్ళుగా మూడు. మూడోది నాట్ ప్రూవెన్, అంటే రుజువు కాలేదు అని. పోయిన సెప్టెంబర్‌లో ఎడిన్‌బరా హోలీరూడ్‌లో ఉన్న స్కాట్లాండ్ పార్లమెంటు ఒక పెద్ద బిల్లు పాస్ చేసింది, విక్టిమ్స్, విట్నెసెస్ అండ్ జస్టిస్ రిఫార్మ్ చట్టం అని, దాంట్లో ఈ మూడోదాన్ని తీసేశారు. 2026 జనవరి 1 తర్వాత మొదలైన ప్రతి ట్రయల్‌లో ఇంక రెండే. పేపర్లన్నీ దీని మీదే రాశాయి. కానీ అదే చట్టంలో పక్కనే ఇంకో మార్పుంది, దాన్ని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ, నా లెక్కలో అసలు మార్పు అదే. దాని దగ్గరకి వస్తాను, ముందు ఈ మూడోదాని కథ చెప్పనివ్వండి, ఎందుకంటే ఇది చాలా మంచి కథ.

నాట్ ప్రూవెన్ అంటే చట్టం ప్రకారం పూర్తిగా విడుదలేనండి. జైలు లేదు, జరిమానా లేదు, రికార్డులో శిక్ష లేదు, మామూలుగా మళ్ళీ అదే కేసులో లాగడానికి లేదు. నాట్ గిల్టీకి దీనికి చట్టంలో వెంట్రుకంత తేడా లేదు. మరి ఎందుకుంది? అదే ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. జడ్జిలు కూడా జ్యూరీకి, అంటే తీర్పు చెప్పడానికి పిలిచిన మామూలు జనానికి, ఈ రెండింటికీ తేడా ఏంటో వివరించేవాళ్ళు కాదు, వివరించొద్దనే పై కోర్టులు చెప్పాయి. పదిహేను మంది మామూలు మనుషుల్ని కూర్చోబెట్టి మూడు తలుపులు చూపించి, రెండు తలుపులు ఒకే చోటికి వెళ్తాయి, ఏది తీస్తారో మీ ఇష్టం అన్నట్టే కదా. వినేవాళ్ళకి మాత్రం అది వేరేగా వినపడేది. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కాఫీలు తాగి, ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తాం అనేవాళ్ళు చూడండి, అలా. అవునని కాదు కాదని కాదు, పిల్ల వాళ్ళకీ మనశ్శాంతి లేదు, పిల్లాడి మీదా ఊళ్ళో గుసగుసలు ఆగవు. (నవ్వులు) అవునండి, నిజంగా అంతే, ముద్దాయి బయటికొచ్చాక కూడా జీవితమంతా, వీడు చేశాడు కానీ దొరకలేదు అన్న చూపు వెంటాడేది, బాధితుల ఇంట్లోవాళ్ళకేమో, జ్యూరీ మమ్మల్ని నమ్మిందా లేదా అన్న ప్రశ్న మిగిలిపోయేది.

మనకి ఇది కొత్తగా అనిపిస్తుంది కానీ మన దగ్గర దీని చుట్టం ఉంది. ఇండియాలో తీర్పుల్లో చూడండి, బెనిఫిట్ ఆఫ్ డౌట్ కింద విడుదల చేస్తున్నాం అని రాస్తారు, తెలుగు పేపర్లో సంశయ లాభం అని వేస్తారు. విడుదల విడుదలే. కానీ ఆ మనిషి పోలీసు ఉద్యోగానికి అప్లై చేశాడనుకోండి, లేదా సస్పెండ్ అయిన గవర్నమెంట్ ఉద్యోగం తిరిగి ఇమ్మన్నాడనుకోండి, అప్పుడు అడుగుతారు, నీది హానరబుల్ అక్విటలా లేక బెనిఫిట్ ఆఫ్ డౌటా అని. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో హానరబుల్ అక్విటల్, అంటే గౌరవంగా విడుదల, అన్న మాటే ఉండేది కాదు, అయినా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి దాని మీద కొట్టుకున్నారు. అందుకని స్కాట్లాండ్ వాళ్ళని చూసి వింతగా ఉందే అనుకోనక్కర్లేదు. వీళ్ళు దాన్ని జ్యూరీ నోటితో చెప్పించారు, మనం తీర్పు కాగితంలో చివరి పేరాలో రాయించుకుంటున్నాం. ఇక్కడ తీసేశారు, అక్కడ ఇంకా నడుస్తోంది. అక్కడ కూడా పోవాలని నా కోరిక, కానీ అది ఇంకో ఉగాదికి.

ఇప్పుడు కత్తియుద్ధం. 1728. ఫర్ఫార్ అని డండీకి పైన ఊరు, మీలో కొంతమంది అబర్డీన్ వెళ్ళేటప్పుడు బోర్డు చూసే ఉంటారు. అక్కడ ఒక అంత్యక్రియలకి పెద్దవాళ్ళంతా వచ్చారు, అయ్యాక బాగా తాగారు. ఫిన్‌హేవెన్ జమీందారు జేమ్స్ కార్నెగీ అనే ఆయన్ని ఒకాయన తెగ గేలి చేసి చివరికి బురద కాలవలోకి తోశాడు. ఈయన లేచి, ఒళ్ళంతా బురద, కత్తి దూసి ఆ తోసినవాడి మీదకి పరిగెత్తాడు. మధ్యలో అడ్డం వచ్చింది ఎవరయ్యా అంటే స్ట్రాత్‌మోర్ ఎర్ల్, పాపం గొడవతో ఏ సంబంధం లేని మనిషి, ఆపడానికి వచ్చాడు, కత్తి ఆయన పొట్టలో దిగింది, చచ్చిపోయాడు.

అప్పట్లో పద్ధతి ఏంటంటే జ్యూరీ పని చాలా చిన్నది. ఫలానావాడు పొడిచాడా, ఫలానావాడు చచ్చాడా, ఇది రుజువైందా లేదా, అంతే చెప్పాలి. రుజువైంది అంటే మిగతాది, ఉరా కాదా అన్నది, జడ్జిలు చూసుకుంటారు. కార్నెగీ కేసులో పొడిచింది అందరూ చూశారు, ఇంక రుజువుకేముంది? రుజువైంది అన్నారంటే ఆయన మెడకి తాడే. అప్పుడు డిఫెన్స్ లాయర్ రాబర్ట్ డండాస్ లేచి జ్యూరీతో ఏమన్నాడంటే, మీకు పాత హక్కు ఒకటుంది, దాన్ని మీ దగ్గర్నుంచి లాక్కున్నారు, ఈ మనిషి నేరస్తుడా కాదా అని చెప్పే హక్కు మీదే అన్నాడు. జడ్జిలు వద్దన్నా జ్యూరీ వినలేదు. నాట్ గిల్టీ అని తిరిగొచ్చారు. ఎర్ల్‌ని చంపాలని ఆయన అనుకోలేదు, అది అందరికీ తెలుసు, మేం ఉరికి పంపం అని. నాకు ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ఒళ్ళు జలదరిస్తుంది. రాజుగారి జడ్జిల ఎదుట పదిహేను మంది నిలబడి మేం ఒప్పుకోం అన్నారు. అప్పట్నుంచి నాట్ గిల్టీ స్థిరపడింది, పాత రుజువు కాలేదు అన్నది కూడా పోకుండా పక్కనే ఉండిపోయింది. అంటే మూడోది ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టింది కాదు, ఇల్లు మారినప్పుడు పాత బీరువా ఎవరూ పారేయక అలా మిగిలిపోయిందంతే.

ఇంక ప్రేమ ఉత్తరాలు. 1857, ఇదే గ్లాస్గో, బ్లైత్స్‌వుడ్ స్క్వేర్. సెంట్రల్ స్టేషన్ నుంచి పైకి నడిస్తే పది నిమిషాలు, వెళ్ళి చూడండి, ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. మడలీన్ స్మిత్, పేరున్న ఆర్కిటెక్ట్ కూతురు, అప్పటికి 22 ఏళ్ళు. పియెర్ ఎమీల్ లాంజెలియే అని ఒక చిన్న గుమాస్తాతో ప్రేమ. ఇంట్లో తెలిస్తే ఊరుకోరు కాబట్టి అంతా ఉత్తరాల్లోనే, అవి వందల కొద్దీ. ఇంతలో ఇంట్లోవాళ్ళు డబ్బున్న సంబంధం చూశారు, ఆమె కూడా ఒప్పుకుంది, నా ఉత్తరాలు నాకు ఇచ్చేయి అని ఇతన్ని అడిగింది. ఇతను ఇవ్వను, మీ నాన్నకి చూపిస్తా అన్నాడు. కొన్నాళ్ళకి ఇతను చచ్చిపోయాడు, కడుపులో కుప్పలుగా ఆర్సెనిక్ అనే విషం. ఆమె అంతకుముందు షాపులో ఆర్సెనిక్ కొన్నట్టు సంతకం పెట్టి మరీ ఉంది, ఎలకల కోసం అని. రాత్రిళ్ళు ఇంటి కిటికీ దగ్గర అతనికి కోకో ఇచ్చేదని కథ. కానీ చచ్చిపోయిన ఆ రాత్రి ఇద్దరూ కలిశారని చూపించే సాక్షి ఒక్కరు లేరు.

ఎడిన్‌బరా హైకోర్టులో ట్రయల్. మూడు అభియోగాలు, రెండుసార్లు విషం పెట్టడానికి ప్రయత్నం, ఒక హత్య. మొదటిదానికి నాట్ గిల్టీ, రెండోదానికి, హత్యకి, నాట్ ప్రూవెన్. ఆమె బయటికి నడిచి వెళ్ళిపోయింది, లండన్‌లో పెళ్ళి చేసుకుంది, ముసలిదై 1928లో అమెరికాలో చనిపోయింది. దాదాపు 170 ఏళ్ళ తర్వాత కూడా ఈ ఊళ్ళో టూర్ గైడ్‌లు ఆ ఇంటి ముందు జనాన్ని ఆపి, ఆమె చేసిందా లేదా అని చేతులెత్తించి ఓట్లు వేయిస్తారు. మూడో తీర్పు ఏం చేస్తుందో ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు. ఆ కేసులో నాట్ గిల్టీ అని వచ్చుంటే కూడా చట్టపరంగా జరిగేది ఇదే, సాక్ష్యం చాలలేదు కాబట్టి వదిలేయాలి, వదిలేశారు. కానీ ఆ పేరు మీద మచ్చ జ్యూరీయే వేసి పంపింది. కోర్టుకి మనిషిని శిక్షించే అధికారం ఉంది, విడిచిపెట్టే బాధ్యత ఉంది, విడిచిపెడుతూ గిల్లే అధికారం ఎందుకండి?

2019లో యూనివర్సిటీల వాళ్ళు పెద్ద స్టడీ చేశారు, నిజం జ్యూరీల్ని అడగడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి 64 ఉత్తుత్తి జ్యూరీల్ని కూర్చోబెట్టి కేసు వీడియో చూపించి చర్చించమన్నారు. నాట్ ప్రూవెన్ అంటే ఏంటి అన్నదానికి ఒక్కొక్కరిది ఒక్కో అర్థం. కొంతమందైతే, ఇలా చెప్తే తర్వాత సాక్ష్యం దొరికితే మళ్ళీ కేసు పెట్టొచ్చు అనుకున్నారు. అది పూర్తిగా తప్పు. మళ్ళీ విచారించడం అన్నది 2011 డబుల్ జెపర్డీ చట్టం కింద వేరే సంగతి, దానికి కొత్త బలమైన సాక్ష్యం లాంటి గట్టి కారణాలుండాలి, హైకోర్టు పర్మిషన్ కావాలి, నాట్ గిల్టీ అయినా నాట్ ప్రూవెన్ అయినా రూలు ఒకటే. అంటే ఒక మనిషి బతుకు తేల్చే మాటని, తేల్చేవాళ్ళే తప్పు అర్థంతో వాడే ప్రమాదం ఉంది. దీన్ని తీసేయాలి అని నాకు ఖాయంగా అనిపించింది ఆ రిపోర్టు చదివాకే.

ఇంకో మాట. దీన్ని తీసేయించడంలో ఒక యువతి పట్టుదల చాలా ఉంది. ఆమె పేరు చెప్పకూడదు, కోర్టు కాగితాల్లో మిస్ ఎమ్. ఆమె పెట్టిన అత్యాచారం కేసులో 2015లో నాట్ ప్రూవెన్ వచ్చింది. ఆమె అక్కడ ఆగకుండా సివిల్ కోర్టుకి వెళ్ళింది, సివిల్‌లో రుజువు మోతాదు తక్కువ, ఇది జరిగుండే అవకాశమే ఎక్కువ అని తేలితే చాలు, 2018లో గెలిచింది, 80 వేల పౌండ్లు నష్టపరిహారం. తర్వాత ఏళ్ళ తరబడి ఈ తీర్పు పోవాలని పోరాడింది. చట్టాలు ఎడిన్‌బరాలో పెద్ద బిల్డింగుల్లో పుడతాయి అనుకుంటాం, చాలాసార్లు ఇలాంటి ఒక్క మనిషి దగ్గర పుడతాయి.

సరే, ఇప్పుడు నేను అసలు మార్పు అన్నాను కదా, అది. అంకె.

స్కాట్లాండ్ జ్యూరీలో 15 మంది. ఇంగ్లండ్‌లో 12. ఇంగ్లండ్‌లో ముందు అందరూ ఒకే మాట మీదకి రమ్మంటారు, కుదరకపోతే కనీసం 10 మంది, అదీ కుదరకపోతే హంగ్ జ్యూరీ, మళ్ళీ మొదట్నుంచి ట్రయల్ పెట్టొచ్చు. ఇక్కడ హంగ్ అన్నదే లేదు. కొత్త చట్టం వచ్చేదాకా 15లో 8 మంది గిల్టీ అంటే గిల్టీ, అంతే. ఒక్క ఓటు. ఏడుగురు, మాకు నమ్మకం కుదరలేదు అని చెప్పినా ఒక మనిషిని జీవితాంతం జైలుకి పంపగలిగేవాళ్ళు. నేను స్టూడెంట్‌గా ఉన్నప్పుడు ఇది విని నమ్మలేకపోయాను, సహేతుకమైన అనుమానం ఉండకూడదు అని ఒకపక్క చెప్తూ, ఇంకోపక్క దాదాపు సగం మందికి అనుమానం ఉన్నా ఫర్వాలేదు అంటే ఎలా? దాన్ని సమర్థించేవాళ్ళు ఏమనేవాళ్ళంటే, మా దగ్గర మూడు తీర్పులున్నాయి, ప్రతి ముఖ్యమైన సంగతికి రెండు వైపుల నుంచి సాక్ష్యం కావాలనే రూలుంది, కాబట్టి ఆ లోటు ఇక్కడ పూడుతుంది అని. మూడోది తీసేస్తే మరి తూకం? అందుకని కొత్త చట్టం 8ని 10 చేసింది. మూడింట రెండు వంతులు. అంతకన్నా తక్కువైతే విడుదల, మళ్ళీ ట్రయల్ లేదు.

ఈ రెండు ఓట్లు ఎంత బరువో చెప్పాలంటే ఆస్కార్ స్లేటర్ గురించి చెప్పాలి. ఇది కూడా గ్లాస్గోయే. 1908 డిసెంబర్, మారియన్ గిల్‌క్రిస్ట్ అని 80 దాటిన డబ్బున్న పెద్దావిడ, పనమ్మాయి పేపర్ కొనడానికి పది నిమిషాలు బయటికి వెళ్ళిన టైమ్‌లో ఎవరో ఇంట్లో దూరి కొట్టి చంపారు, ఒక వజ్రాల బ్రోచ్ పోయింది. పోలీసులకి ఒక పేరు దొరికింది, స్లేటర్, జర్మనీ నుంచి వచ్చిన యూదు మనిషి, జూదం ఆడతాడు, రకరకాల పేర్లు వాడతాడు, ఒక బ్రోచ్ తాకట్టు చీటీ అమ్మజూశాడు, పైగా అప్పుడే అమెరికాకి ఓడెక్కాడు. అంతే, దొరికాడు అనుకున్నారు. తర్వాత తేలిందేంటంటే ఆ తాకట్టు బ్రోచ్ వేరేది, హత్యకి ముందే పెట్టింది. అయినా వదల్లేదు. అతను న్యూయార్క్‌లో, నాకేం భయం, నేనే వస్తా అని తనంతట తను తిరిగొచ్చాడు. ఈ దేశం న్యాయం చేస్తుందని నమ్మాడు.

1909 మేలో జ్యూరీ. 9 మంది గిల్టీ, ఐదుగురు నాట్ ప్రూవెన్, ఒక్కరు నాట్ గిల్టీ. 15లో ఆరుగురు ఒప్పుకోలేదు. ఉరిశిక్ష వేశారు. ఉరికి రెండు రోజుల ముందు యావజ్జీవంగా మార్చారు. పీటర్‌హెడ్ జైల్లో రాళ్ళు కొడుతూ పద్ధెనిమిదేళ్ళకి పైగా. లోపలి నిజం బయటపెట్టిన పోలీసు డిటెక్టివ్ ట్రెంచ్ ఉద్యోగమే పోయింది. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన ఆర్థర్ కానన్ డాయిల్ స్లేటర్ తరఫున రాస్తూ, అడుగుతూ ఏళ్ళు గడిపాడు. విడుదలవుతున్న ఒక ఖైదీ స్లేటర్ రాసిన చీటీని నోట్లో దాచి బయటికి తెచ్చి డాయిల్‌కి అందించాడు, ఆఖరికి 1927లో వదిలారు, 1928లో శిక్ష కొట్టేశారు, జడ్జి జ్యూరీకి తప్పుగా చెప్పాడు అని. ఆరు వేల పౌండ్లు చేతిలో పెట్టారు.

లెక్క చూడండి, తొమ్మిది. ఇవాళ్టి రూలు ప్రకారం పది కావాలి. ఆ రోజు ఈ అంకె ఉండుంటే అతను ఆ సాయంత్రం ఇంటికెళ్ళేవాడు. వేరే దేశం నుంచి వచ్చినవాడు, యాస వేరు, పేరు వేరు, పలుకుబడి ఉన్నవాళ్ళెవరూ తెలీదు, ఇక్కడ కూర్చున్న మనకి ఆ మనిషి గురించి ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు అనుకుంటా. ఈ రెండు ఓట్లు అలాంటివాళ్ళ కోసం.

దీనికి అవతలి వాదన ఉంది, అది చిన్నది కాదు. లైంగిక నేరాల కేసుల్లో జ్యూరీలు గిల్టీ అనడానికి అసలే వెనకాడతాయి, ఎనిమిది దొరకడమే కష్టమైతే పది ఎక్కడ దొరుకుతారు, బాధితుల కోసం తెచ్చిన చట్టమే వాళ్ళకి ఎదురు తిరుగుతుందేమో అని వాళ్ళ కోసం పనిచేసేవాళ్ళు గట్టిగా అన్నారు. నేను ఆ భయాన్ని కొట్టిపారేయను. కానీ దానికి మందు రుజువు మోతాదు తగ్గించడం కాదు, సాక్ష్యం కోర్టులోకి సరిగ్గా రావడం. అది కూడా మారుతోంది. ఇందాక చెప్పిన రెండు వైపుల సాక్ష్యం, కొరాబొరేషన్ అంటారు, దాని మీద 2024 అక్టోబర్‌లో పెద్ద తీర్పొచ్చింది. 1938 నుంచి ఏముండేదంటే, ఒకామె మీద దాడి జరిగి వెంటనే ఏడుస్తూ పరిగెత్తుకెళ్ళి ఫలానావాడు ఇలా చేశాడు అని ఇంకొకరితో చెప్తే, ఆ మాటలు ఆమె సాక్ష్యానికి రెండో తోడుగా లెక్కకి రావు. లార్డ్ అడ్వకేట్, అంటే స్కాట్లాండ్‌లో ప్రాసిక్యూషన్‌కి పెద్ద, డొరొతీ బెయిన్ స్వయంగా వెళ్ళి ఇది తప్పు అని వాదించారు, తొమ్మిది మంది జడ్జిలు కూర్చుని ఆ పాత తీర్పుని పక్కన పెట్టేశారు. కొత్త చట్టంలో లైంగిక నేరాలకి ప్రత్యేక కోర్టు కూడా వస్తోంది. పది అన్న అంకె ఉంచి ఇవన్నీ సరిచేయడమే మంచి దారి అని నా నమ్మకం, నాలుగైదేళ్ళు పోయాక లెక్కలు చూసి మళ్ళీ మాట్లాడుకుందాం.

ఇప్పుడు మీ ఇంటికొచ్చే కవర్ సంగతి.

జ్యూరీ అంటే మన చాలామందికి సినిమాలో చూసిందే. ఇండియాలో 1959లో బొంబాయి నానావతి కేసులో జ్యూరీ 8-1తో విడిచిపెడితే హైకోర్టు దాన్ని కొట్టేసింది, అదే చివరి జ్యూరీ కేసు అని అందరూ చెప్తారు, నిజానికి ఆ తర్వాత కూడా కొన్ని చోట్ల నడిచింది, 1973 కోడ్‌తో పూర్తిగా పోయింది. అందుకని మన తరానికి ఆ అలవాటు లేదు. కోర్టు అంటే వాయిదాలు, నల్ల కోట్లు, మనం అటువైపు పోకపోతేనే మంచిది అన్న భయం తప్ప.

ఇక్కడ రూలు వినండి. 18 ఏళ్ళు నిండాలి, ఓటర్ల లిస్టులో పేరుండాలి, 13 ఏళ్ళ వయసు తర్వాత కనీసం ఐదేళ్ళు ఈ దేశంలో ఉండుండాలి. బ్రిటిష్ పాస్‌పోర్ట్ అన్న మాట దాంట్లో లేదు! మన ఇండియన్ పాస్‌పోర్ట్‌తో వీసా మీద ఉన్నవాళ్ళు కూడా ఇక్కడ ఓటు వేయొచ్చు, కామన్వెల్త్ కాబట్టి. స్కాటిష్ పార్లమెంటు ఎలక్షన్ల కోసం మీలో చాలామంది రిజిస్టర్ అయ్యే ఉంటారు, కానివాళ్ళు అవ్వండి. అయ్యారంటే ఎప్పుడో ఒకప్పుడు మీ పేరు కంప్యూటర్ ఏరొచ్చు. కవర్ రాగానే, మనకెందుకులే, వేరేవాళ్ళది అయుంటుంది అని పక్కన పడేస్తే వెయ్యి పౌండ్ల దాకా ఫైన్ పడొచ్చు. అలా వచ్చిన కవర్ తీసుకుని, మేం ఏం తప్పు చేశాం అని కంగారుగా నా దగ్గరకి వచ్చినవాళ్ళున్నారు. తప్పేం లేదండి, మిమ్మల్ని నమ్మి పిలిచారు.

వెళ్ళాక ఏమవుతుందంటే, చాలామందిని పిలుస్తారు, ఒక పెద్ద గదిలో కూర్చోబెడతారు. కోర్టు క్లర్కు ఒక గాజు గిన్నెలోంచి చీటీలు తీసి పేర్లు చదువుతారు, పదిహేను. అమెరికా సినిమాల్లో లాగా లాయర్లు మిమ్మల్ని గంటలకొద్దీ ప్రశ్నలడగరు, కారణం చూపించకుండా ఈ మనిషి వద్దు అనడానికి ఇక్కడ వీల్లేదు. కేసు షెరిఫ్ కోర్టులో అయితే జడ్జిగారిని షెరిఫ్ అంటారు, జ్యూరీతో విచారిస్తే ఐదేళ్ళ దాకా శిక్ష వేయగలరు, హత్య లాంటివి హైకోర్టుకే, అక్కడ జడ్జి ఎర్ర శిలువ గుర్తులున్న గౌనులో ఉంటారు, మొదటిసారి చూసినప్పుడు కళ్ళు తిప్పుకోలేం. ప్రాసిక్యూటర్ ముందుగా లేచి పెద్ద ఉపన్యాసం కూడా ఇవ్వరు, అభియోగం చదువుతారు, సాక్షి వచ్చేస్తారు. నేరుగా కథలోకి.

సినిమా హాలు అన్నాను కదా. కోవిడ్‌లో పదిహేను మందిని దూరం దూరంగా కోర్టులో కూర్చోబెట్టడం కుదరక, 2020లో జ్యూరీలని ఓడియన్ సినిమా హాళ్ళలో కూర్చోబెట్టారు, ఎడిన్‌బరాలో ఫోర్ట్ కినెయిర్డ్, ఇక్కడ బ్రేహెడ్. మనం మొదటి రోజు మార్నింగ్ షోకి విజిల్స్ వేసే సీట్లలోనే కూర్చుని, పెద్ద తెర మీద కోర్టు చూస్తూ నిజం హత్య కేసులు తేల్చారు జనం. కోవిడ్‌తో చాలా చోట్ల ట్రయల్స్ ఆగిపోయిన టైమ్‌లో వీళ్ళు ఇలా నడిపించారు, నాకు ఈ దేశం మీద గౌరవం పెరిగిన సంగతుల్లో అదొకటి. (చప్పట్లు)

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. ఆ, వదినగారు చెయ్యెత్తారు.

డాక్టర్లు వెళ్ళాలా అంటున్నారు. ప్రాక్టీసులో ఉన్న డాక్టర్లు, డెంటిస్టులు, నర్సులు, ఫార్మసిస్టులు కావాలంటే మినహాయింపు అడగొచ్చు, అది హక్కు, ఇచ్చేస్తారు. కానీ అడిగి తీరాలని కాదు, మీకు కుదిరితే వెళ్ళండి. 71 ఏళ్ళు, ఆ పైన ఉన్నవాళ్ళకి కూడా అడిగే హక్కుంది. నాలాంటి లాయర్లని మాత్రం అసలు తీసుకోరు, అది నాకు పెద్ద లోటు, మీరు కూర్చునే ఆ గదిలో ఏం జరుగుతుందో నేను ఎప్పటికీ చూడలేను. మీరు కూడా బయటికొచ్చి లోపలేం మాట్లాడుకున్నారో ఎవరికీ చెప్పకూడదు, భర్తకి కూడా, అది కోర్టు ధిక్కారం.

జీతం కట్ అవుతుందా అన్నారు అక్కడ బాబు. జ్యూరీకి జీతమంటూ ఉండదు, ఆఫీసు జీతం ఆపేస్తే పోయిన డబ్బు రోజుకి ఇంత అని ఒక పరిమితి దాకా కోర్టు ఇస్తుంది, బస్సు ఖర్చు, పిల్లల్ని చూసుకునే ఖర్చు కూడా క్లెయిమ్ చేసుకోవచ్చు, ఫారమ్‌లో ఉంటుంది, రసీదులు దాచుకోండి.

చివరిది తీసుకుంటాను. మాకు గ్లాస్గో యాస సరిగ్గా అర్థం కాదు, మేం ఎలా తీర్పు చెప్తాం అంటున్నారు పెద్దాయన. బాబాయ్ గారూ, ఇది మంచి ప్రశ్న. నిజంగా ఇంగ్లీష్ అర్థం కాని స్థితైతే క్లర్కుకి ముందే చెప్పాలి, వదిలేస్తారు, దాచి కూర్చోవడం ముద్దాయికి అన్యాయం. కానీ యాస గురించే అయితే, ఒక సాక్షి మాట అందకపోతే చీటీ రాసి కోర్టు ఆఫీసర్‌కి ఇవ్వండి, జడ్జి మళ్ళీ చెప్పిస్తారు, ఎడిన్‌బరా వాళ్ళకే గ్లాస్గో సాక్షి మాటలు అందక మళ్ళీ చెప్పించడం నేను చూశాను. మీరు ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళో షాపు నడిపారు, ఎవరు నిజం చెప్తున్నారో ఎవరు అరువు కోసం కథ చెప్తున్నారో కౌంటర్ దగ్గర నిలబడి పసిగట్టినవాళ్ళు, ఆ పదిహేను మందిలో మీలాంటివాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉండాలి. కవర్ వస్తే నాకు ఫోన్ చేయండి, ఫారమ్ ఇద్దరం కలిసి నింపుదాం.